మా అత్తగారు ముందెక్కిన పడవ

మొన్న మా మనవడి బండి పొగ కక్కుతుంటే చిక్కబళ్ళాపురంలో షోరూముకు తీసుకుపోయాము. అక్కడి అబ్బాయి చూసి, సిలిండరు అరిగిందనీ, దాని లోపల తొలిచి నున్నగా బోరు చేసి పిస్టన్ మార్చే రోజులు పోయాయనీ, మొత్తం తీసేసి కొత్తది బిగించి పూచీకి ఒక కార్డు ఇస్తామనీ చెప్పాడు. పక్కన కూర్చున్న మా ఆయన ముఖం చూసి నాకు నవ్వాగలేదు. బాగేపల్లిలో లేతు ముందు నిలబడి, లారీలకూ మోటారు సైకిళ్లకూ రైతుల డీజిల్ ఇంజన్లకూ సిలిండర్లు బోరు చేస్తూ జీవితం గడిపిన మనిషి ఆయన. ఆ పనికి పూచీ ఏ కార్డూ కాదు, మా అత్తగారు.

మా వైపు ఒక ఆచారం ఉండేది. రైతు ఇంజను బాగు చేయించుకుని బిగించాక, బావిలోంచి వచ్చిన మొదటి చెంబు నీళ్లు మేస్త్రీ ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. ఆ నీళ్లు మేస్త్రీ ఇంటివాళ్లు తాగాలి. తాగారంటే ఆ పని బాగోగులు మావే అని ఒప్పుకున్నట్టు. మా అత్తగారు గడపలో కూర్చుని గటగటా తాగి, ఖాళీ చెంబులో గుప్పెడు వేరుశనక్కాయలు పోసి పంపేవారు. పెళ్లయిన కొత్తలో నాకు అది వింతగా ఉండేది కానీ, పోను పోను ఏ ఊరి నీళ్లు తియ్యనో ఏవి ఉప్పో నేనూ చెప్పగలిగేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక, ఎన్నో కరువుల తరువాత, ఒక ఏడు వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. దగ్గరి ఆనకట్ట నీళ్లు వెనక్కి ఎగదన్ని ఒక పల్లెకు పోయే పల్లపు బాట మునిగిపోయింది. పాల మీద బతికే పల్లె అది. పాల వ్యాను ఇవతల తారు రోడ్డు మీదే నిలుస్తుంది, గుట్ట చుట్టి నడిచి వస్తే వ్యాను దాటిపోతుంది, పాలు విరిగిపోతాయి. పంచాయతీవాళ్లు ఎక్కడినుంచో వెనక మోటారు తగిలించిన పాత పడవను తెప్పించారు. ఆ మోటారు నాలుగు రోజులు తిరిగి బిగుసుకుపోయింది. దాన్ని పెండ్లికొడుకును మోసినట్టు భుజాల మీద మోసుకొచ్చి మా అంగడి ముందు దించారు.

మా ఆయన పడవ ఎక్కి ఎరగరు, నేనైతే క్యాలెండరు బొమ్మలో తప్ప చూసి ఎరగను. అయినా విప్పి చూసి ఇంజను ఎక్కడైనా ఇంజనే అన్నారు. సిలిండరు బోరు చేసి, దానికి సరిపడే పిస్టనూ రింగులూ బెంగళూరు నుంచి తెప్పించి వేశారు. ఆ పల్లె పెద్దాయన వచ్చి చూసి మెల్లగా ఒక మాట అన్నాడు.

"బోరు చేసిన మోటారంటే కట్టుడు పండ్లప్పా. ముద్ద తింటాయి, మురుకులు కొరకల్లంటే యాడైతాది?"

ఆ మాట మా ఆయనకు ములుకులా తగిలింది. నడినీళ్లలో అది ఆగితే ఆ పల్లె పాలే కాదు, ఆయన పేరు కూడా నీళ్లపాలవుతుంది. కొత్త పిస్టన్ ఒదిగేదాకా మోటారును నెమ్మదిగా తిప్పాలి, వేడెక్కకుండా అదీ నీళ్లలోనే తిప్పాలి. అందుకని పాతపాళ్యలో మా పుట్టింటి టమోటా తోటకు మోసుకుపోయి, బోరుబావి పక్క సిమెంటు తొట్టిలో దించారు. తొట్టిలో ఓడ నడుస్తోందని ఊరంతా వచ్చింది. మోటారు రెక్క చిమ్మిన నీళ్లకు గట్టు కింది బీరపాదు తడిసి ముద్దయింది. నీళ్లు వృథా అని గొణిగిన మా నాన్న, ఆ నెల కాసిన బీరకాయలు చూసి, అల్లుడు మళ్లీ ఎప్పుడు వస్తాడని అడగడం మొదలుపెట్టాడు.

ఇక మొదటి చెంబు సంగతి వచ్చింది. ఇది నీళ్లు తోడే మోటారు కాదు కదా, తాగేదేముందని పల్లెవాళ్లు తటపటాయించారు.

"తాగేదానికి ల్యాకపోతే నీళ్ల మింద కూసుంటాం పదప్పా," అన్నారు మా అత్తగారు, అక్కడికేదో బస్సు ఎక్కుతున్నట్టు.

ఆమె, నేను, మా ఆయన, పడవ నడిపే మనిషి ఎక్కాము. అవతలి గట్టున పాల క్యాన్లతో ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. చెప్పుకుంటే సిగ్గు, నేను కళ్లు మూసుకుని అత్తగారి కొంగు పట్టుకున్నాను. సగం దూరం పోగానే మోటారు ఆగిపోయింది. మా ఆయన పెట్రోలు ఉందా అని ట్యాంకు మూత తీస్తే బుస్సుమని శబ్దం వచ్చింది. మూత బిగించి తాడు లాగితే మళ్లీ నడిచింది, కాస్త దూరం పోయి మళ్లీ ఆగింది. మళ్లీ మూత, మళ్లీ బుస్సు.

"నూనె డబ్బాకు ఒగే బొక్క పెడితే నూనె దిగుతాదేమప్పా? గాలి యాడనుంచి పోవల్ల లోపలికి?" అన్నారు అత్తగారు.

అసలు సంగతి అదే. ఆ మూత నెత్తిన, లోపలికి గాలి పోయేందుకు, స్క్రూలాంటి చిన్న మర ఉంది, దాన్ని వదులుగా ఉంచాలి. మా ఊళ్ల దుమ్ముకు భయపడి, కంటబడిన మూతనల్లా బిగించడం మా ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. తొట్టిలో తిప్పినప్పుడు మూత తీసే ఉంచారు గనుక తెలియలేదు. మర వదులు చేశాక మోటారు అవతలి గట్టు దాకా ఆగితే ఒట్టు.

అక్కడ ఒకామె క్యాను మూత తీసి, నురగ పాలు చెంబుతో ముంచి మా అత్తగారి చేతికిచ్చింది. ఆమె తాగి నాకిచ్చారు. ఆ పాల రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. క్యాన్లు ఒక్కొక్కటే పడవ ఎక్కాయి, వ్యాను ఇంకా రోడ్డు మీదే ఉంది. పెద్దాయన మరుసటి వారం మా ఇంటికి వచ్చి ఒక బుట్టెడు మురుకులు పెట్టి పోయాడు. వంతెన వచ్చేదాకా ఆ సిలిండరును మళ్లీ విప్పే పని పడలేదు.

ఇప్పుడు అక్కడ పెద్ద వంతెన ఉంది, బస్సు రెప్పపాటులో దాటుతుంది, ఎవరూ కిందికి కూడా చూడరు. మా ఆయన మాత్రం అక్కడికి రాగానే చేతిలోని నీళ్ల సీసా మూత కాస్త వదులు చేస్తారు, నేను చూడనట్టు కిటికీ వైపు తిరుగుతాను. అత్తగారు పోయి చాలా కాలమైంది. షోరూము అబ్బాయి ఇచ్చిన పూచీ కార్డు భద్రంగా బీరువాలో పెట్టాను. కానీ కొత్త సిలిండరు వేసిన ఆ బండి మీద మొదట ఎవరు కూర్చోవాలని అతను అడగలేదు, ఆ మాట అడిగేవాళ్లు ఇప్పుడు లేరు. అందుకే మనవడు తాళం తిప్పగానే, చీర సర్దుకుని, వెనక నేనే ఎక్కి కూర్చున్నాను.