చాయ్ తాగి పొమ్మన్న కంప్యూటర్

ఆ రోజుల్లో నాకు తెలిసింది తక్కువ, తెలుసని చెప్పుకున్నది ఎక్కువ. (మొదటిది ఇప్పుడు కాస్త పెరిగింది. రెండోదాని సంగతి మా ఆవిడ చెప్పాలి.) తొంభైల చివర్లో సిద్దిపేటలో ఒక సేటు పెట్టిన కంప్యూటర్ సెంటర్లో టైపింగుకు కుదిరాను. ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో ప్రోగ్రాములతో పాటు వాటి సోర్స్ కోడ్ కూడా ఉంది. ఎవరైనా మార్చి మళ్లీ తయారు చేసుకోవచ్చట. "కూరతోని మసాలా గూడ చెప్పిండన్నట్టు" అన్నాడు సేటు.

మేం టైపు చేసే ప్రోగ్రాము మూసేటప్పుడు, రాసింది దాచాలా వద్దా అని పొడిపొడిగా అడిగేది. గడప దాటే మనిషిని అట్లా సాగనంపుతామా? ఆ ప్రశ్న తీసేసి, ఇంగ్లీషు అక్షరాల్లో "అప్పుడే పోతున్నరా? చాయ్ తాగి పోరాదు?" అని రాశాను. 'వద్దు' అంటేనే రాసింది దాచుకుని మూసుకుంటుంది. 'సరే' అంటే మళ్లీ పేజీకే వస్తుంది. తప్పులు దిద్దుతూ, మార్చిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మళ్లీ మళ్లీ కంపైల్ చేస్తూ పొద్దంతా గడిపి, చివరికి పాతదాన్ని చెరిపేసి నాది ఎక్కించాను.

మర్నాడు దుబ్బాక నేత సంఘం పెద్దమనిషి వచ్చాడు. నూలు కోసం దరఖాస్తు పట్టుకుని మధ్యాహ్నం బస్సుకు హైదరాబాద్ పోవాలి; కరెంటు పోయేలోపు కాగితం చేతికి రావాలి. పని నచ్చితే సంఘం టైపింగంతా మాకే, నా ఉద్యోగం ఖాయం. ప్రింటరు పక్క కంప్యూటర్‌కుంది; ఇక్కడ మూసి, ఫ్లాపీలో అక్కడికి తీసుకుపోవాలి. నేను టైపు కొట్టాక, గొప్ప చూపించడానికి సేటే కూర్చుని మూయబోయాడు.

"గదేమంటుంది సేటూ?"

"చాయ్ తాగి పొమ్మంటుంది కాకా."

"అబ్బ! గీ డబ్బకున్న మర్యాద మా అల్లునికి లేదు."

"వద్దని నొక్కు సేటూ" అని గొణిగాను.

"ఇంటికొచ్చినాయనకు చాయ్ వద్దంటమారా?" అని సేటు కళ్లెర్రజేసి 'సరే' నొక్కాడు. చాయ్ వచ్చింది, తాగారు. మళ్లీ మూయబోతే మళ్లీ అదే ప్రశ్న. "ఇంకోటా? గింత బతిలాడుతుంటె కాదంటె బాగుండదు" అన్నాడు కాకా. రెండో చాయ్ వచ్చేసరికి ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది. దరఖాస్తు పోయింది.

నేను దరఖాస్తు కాగితం మీద చేత్తోనే తిరిగి రాసిచ్చాను. కాకా పరుగున బస్సెక్కాడు. నూలు దొరికింది, నా ఉద్యోగమూ నిలిచింది, "మర్యాద బంద్ చెయ్యి" అన్న షరతు మీద. ఆ వాక్యం తీసేసి మళ్లీ కంపైల్ చేశాను. తర్వాతిసారి వచ్చిన కాకా, చప్పుడు చేయకుండా మూసుకున్న తెరను చూసి "ఏందిరా, అలిగిందా?" అన్నాడు.

మర్యాదతో మనుషుల్ని ఎంత ఇరుకున పెట్టొచ్చో అప్పుడు నాకు తట్టలేదు. అయినా ఇప్పటికీ కంప్యూటర్ మూసేటప్పుడు, ఎవరైనా ఆపుతారేమోనని నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఎవరూ ఆపరు. లేచి నాకు నేనే చాయ్ పెట్టుకుంటాను.