రెండు సమాధులు, ఒక బకెట్ సున్నం

నేను చెడగొట్టిన పనులు తక్కువేం కాదు. అక్క పెళ్ళిలో సరిగ్గా పాస్టరుగారు ప్రమాణాలు చేయించేటప్పుడే జనరేటర్ ఆపేశాను. తమ్ముడి పరీక్ష హాల్ టికెట్ చొక్కా జేబులో పెట్టి ఉతికేశాను. కానీ పన్నెండేళ్ళ కిందట మా అమ్మమ్మ ఊళ్ళో సమాధుల పండుగనాడు చేసిన ఘనకార్యం ముందు అవన్నీ దిగదుడుపే. ఆ సాయంత్రం మైకు పట్టుకుని, ఊరందరి ముందూ, ఒకరిని నరకానికీ ఒకరిని పరలోకానికీ పంపాను. ఇద్దరూ అప్పటికే పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి పోలీసు కేసు కాలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. గుడివాడలో సెల్‌ఫోన్ల షాపులో పని, ఆదివారాలు బైబిల్ శిక్షణ. మూడు నెలల కోర్సు. చివరిరోజు లామినేషన్ చేసిన సర్టిఫికెట్ ఇచ్చారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త బోధకుడు పొద్దే కాదండీ, ఎదుటివాడి మొహం కూడా ఎరగడు. ఊరికి వస్తుంటే బస్సులో పక్కసీటాయన శనగలు తింటున్నాడు. "మీరు రక్షణ పొందారా అండీ?" అని అడిగాను. ఆయన నా చేతిలో నాలుగు శనగలు పోసి, కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

అమ్మమ్మ ఊరు దివిసీమలో, హంసలదీవి వెళ్ళే దారిలో. అక్కడి ఉప్పుగాలికి సిమెంటు కూడా పొట్టు రాలుతుంది. అందుకే ఏటా పండుగకు ముందు సమాధులకు సున్నం కొట్టి, పేర్లు నల్లరంగుతో మళ్ళీ రాస్తారు. సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తే పాస్టరుగారు ఒక్కో సమాధి దగ్గరా ఆగి, పోయినవాళ్ళ గురించి రెండు మాటలు చెప్పి ప్రార్థన చేస్తారు. అక్కడి పాస్టరు జీవరత్నం అయ్యగారికి ఆ ఏడు మోకాళ్ళు మొరాయించాయి.

"బాబూ ప్రకాశ్, నేను గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాను. లోపల నువ్వు నడిపించు" అన్నారాయన.

ఆ మాటకు నేను నేల మీద లేను. ప్రార్థన ఒక్కటే ఏమిటి, సున్నం కూడా నేనే కొడతానన్నాను. ముందురోజు బకెట్ పట్టుకుని దిగాను. పవిత్రమైన పని కదా అని రెండేసి పూతలు, అవీ చిక్కగా వేశాను. అమ్మమ్మ గేటు దగ్గర నుంచి అరిచింది.

"ఒరేయ్, ముందు పేర్లు కాగితం మీద రాసుకోరా!"

"నాకు గుర్తుంటాయిలే అమ్మమ్మా!"

గుర్తుండటానికి నేనేమన్నా ఆ ఊళ్ళో పెరిగానా? సెలవలకు వచ్చి మామిడికాయలు తిని పోయినవాణ్ణి.

ఆ సాయంత్రం అమ్మమ్మ వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పేరు సంతోషమ్మ, డెబ్బై ఏళ్ళు. నేను సర్టిఫికెట్ చూపించాను. దాన్ని కళ్ళకద్దుకుని, చేట పక్కన జాగ్రత్తగా పెట్టింది.

"అయితే నీకు అన్నీ తెలుసన్నమాట. ఒక మాట చెప్పరా. మా అమ్మ ఎక్కడుంది?"

మా అమ్మమ్మ తల్లి నాగమ్మ. ఆ ఊరికి సువార్త రాకముందే జ్వరంతో పోయింది. అప్పటికి అమ్మమ్మకు ఏడేళ్ళు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, కోర్సు నోట్సు తీసి పేజీ తిప్పాను.

"విన్నది నమ్మితే రక్షణ అమ్మమ్మా. విననివాళ్ళకి నమ్మే అవకాశమే లేదు కదా. కాబట్టి..."

"కాబట్టి?"

"లేదన్నమాట."

"ఆవిడకి ఎవరూ చెప్పలేదురా. చెప్తే విని ఉండేది. పిలిస్తే పలికే మనిషి."

"రూలు రూలే అమ్మమ్మా."

ఆమె ఏడవలేదు. చాలాసేపు ఒకే రాయి కోసం వెతుకుతున్నట్టు బియ్యంలో వేళ్ళు ఆడించింది.

"మొహం మర్చిపోయాను. ఫోటో లేదు. తల దువ్వేటప్పుడు చెయ్యి మాత్రం గుర్తుంది, గరుగ్గా ఉండేది. ఎలాగూ అక్కడికెళ్ళాక మొహం చూస్తాను కదా అనుకునేదాన్ని" అంది.

ఇప్పుడు ఇది రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. అప్పుడు మాత్రం నోట్సు మూసి, "ఇంతకీ కూరేంటి అమ్మమ్మా?" అన్నాను. ఆమె లేచి నాకు రొయ్యల ఇగురు వడ్డించింది. తను తినలేదు.

మర్నాడు సాయంత్రం ఊరంతా సమాధుల తోటలో చేరింది. సున్నం దెబ్బకు సమాధులన్నీ పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నాయి. పేర్లు రాయడానికి నల్లరంగు డబ్బా మూత తీస్తే లోపల రంగు రాయిలా గడ్డకట్టి ఉంది. పోనీలే, సిలువలున్నాయి కదా అనుకున్నాను. సిలువ ఉంటే విశ్వాసి, లేకపోతే కాదు. దీనికి సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు!

మైకు తీసుకుని ముందే హెచ్చరించాను.

"ప్రార్థన నడుస్తుండగా ఎవరూ మధ్యలో మాట్లాడకూడదండీ. క్రమశిక్షణ ముఖ్యం."

బాగానే సాగింది. ఎవరి సమాధి దగ్గర వాళ్ళ బంధువులు నిలబడటంతో పేర్లు అందుకుంటూ తోట చివరికొచ్చాను. అక్కడ పక్కపక్కనే రెండు సమాధులు. ఒకదానికి తలాపున సిలువ ఉంది, రెండోదానికి లేదు. ఒకటి నాగమ్మది, ఒకటి ఈ ఊరికి మొట్టమొదట సువార్త తెచ్చిన దానియేలు ఉపదేశిగారిది. ఆయన జీవరత్నం అయ్యగారి తండ్రి. రెండిటి మధ్యా అమ్మమ్మ నిలబడి ఉంది.

సిలువ లేని సమాధి ముందు ఆగాను. గొంతు సవరించుకున్నాను.

"ప్రియులారా, బాధగా ఉన్నా సత్యం చెప్పాలి. ఇక్కడ పండుకున్న వ్యక్తి సువార్త ఎరగని వ్యక్తి. ఈ వ్యక్తికి పరలోకపు ఆశ లేదు, నిరీక్షణ లేదు. ఇక్కడ ప్రార్థన చెయ్యడం వాక్యానికి విరుద్ధం. మనం ముందుకు సాగుదాం."

వరసకు బావ అయ్యే ఏసుపాదం వెనక నుంచి నా చొక్కా లాగాడు.

"బావా... ఒరేయ్ బావా..."

"క్రమశిక్షణ!" అన్నాను మైకులోనే.

ఇక సిలువ ఉన్న సమాధి ముందు విజృంభించాను. ఈ పరిశుద్ధ ప్రాణం ఇప్పుడు తండ్రి సన్నిధిలో కిరీటం ధరించి ఉందన్నాను. ఈ పాదాలు నడవకపోతే ఈ ఊరికి వెలుగు లేదన్నాను. రేపు పరలోకపు వాకిట్లో మనల్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేది ఈ చెయ్యేనన్నాను. ఎనిమిది నిమిషాలు. చివర్లో అందరికంటే గట్టిగా ఒక "ఆమేన్" వినిపించింది. చూస్తే అమ్మమ్మ! కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. నా ప్రార్థన బలం అలాంటిదనుకున్నాను.

అప్పుడు ఏసుపాదం నా చెవి దగ్గరకు వచ్చాడు.

"బావా, నువ్విప్పుడు కిరీటం పెట్టింది నాగమ్మ మామ్మకి."

"మరి అది?"

"అది ఉపదేశి తాతదిరా. అయ్యగారి నాన్న."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు. నేను నిలబడ్డ చోట నాలుగు పక్కలా గోతులే. వాటిలో ఏదైనా ఖాళీగా ఉందేమోనని నిజంగానే చూశాను. పైగా గేటు మీద కట్టిన స్పీకరు సరిగ్గా అయ్యగారి కుర్చీకి ఎదురుగా ఉంది. సొంత తండ్రి నరకానికి వెళ్ళిన వార్త ఆయన అక్షరం పొల్లుపోకుండా విన్నారు.

వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ సిలువ నాన్నగారిదే బాబూ. మొన్న గాలివానకి పడి నాగమ్మగారి తలాపు మీదకి ఒరిగింది. తీసి పెట్టించబోతే మీ అమ్మమ్మ 'ఒక్క ఏడాది మా అమ్మ దగ్గర ఉండనివ్వండి అయ్యగారూ' అంది. సరేనన్నాను."

"మీకు కోపం రాలేదాండీ?"

"నాన్నగారు విని ఉంటే ఇంకా నవ్వేవారు. ఆయన ఈ ఊరికి బయల్దేరింది వానాకాలానికి ముందు. కాలవ పొంగిందని అవతలి ఊళ్ళో ఆగిపోయారు. నీళ్ళు తగ్గాక వచ్చేసరికి నాగమ్మగారు పోయి తొమ్మిది రోజులు. ఏడేళ్ళ పిల్ల గుమ్మంలో కూర్చుని, 'ఈ మాటలు మా అమ్మకి ఎందుకు చెప్పలేదు?' అని అడిగింది. మీ అమ్మమ్మేలే. దానికి ఆయన బతికినన్నాళ్ళూ జవాబు చెప్పలేకపోయారు. 'ఆలస్యం చేసింది నేను. శిక్ష ఆవిడకి వేస్తే అదేం న్యాయం?' అనేవారు. చివరికి, 'నన్ను ఆవిడ పక్కనే పెట్టండి. చివరిరోజున సమాధుల్లోంచి లేవగానే ముందు క్షమాపణ అడగాలి' అని చెప్పి పోయారు."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది, నా చేతిలో. జనమంతా విన్నారు.

"అయితే విననివాళ్ళు ఎక్కడికి వెళ్తారండీ?" అని అడిగాను. ఈసారి నోట్సు కోసం కాదు.

"నాకు తెలీదు" అన్నారాయన, టైమెంతైందో చెప్పినంత మామూలుగా. "నాన్నగారికీ తెలీదు. తెలీదని ఊరుకోలేదు. మళ్ళీ ఏ ఊళ్ళోనూ ఆలస్యం కాకూడదని చెప్పులరిగేదాకా తిరిగారు. ఏటా నాగమ్మగారి దగ్గర నేను చేసే ప్రార్థన ఒక్కటే. 'ప్రభువా, నీకు తెలుసు.' అంతకుమించి ఒక్క ముక్క కలపడానికి నాకు ధైర్యం చాలదు."

ముప్పై ఏళ్ళు పాస్టరుగా చేసిన మనిషికి చాలని ధైర్యం, మూడు నెలల కోర్సు చేసిన నాకు ఎక్కడ నుంచి వచ్చిందో!

ఇంటికి నడుస్తుంటే అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి కూడా గరుగ్గానే ఉంది.

"నిన్న అలా అన్నందుకు క్షమించు అమ్మమ్మా. ఇంతకీ నేను తప్పు సమాధి దగ్గర ఉన్నానని నీకు తెలుసు కదా? ఎందుకు చెప్పలేదు?"

"ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదన్నావు కదరా" అంది. నాలుగడుగులు వేసి మళ్ళీ అంది, "నువ్వు మైకులో పంపావు, ఊరంతా ఆమేన్ అంది. ఇంక మా అమ్మని వెనక్కి పిలిచే అధికారం నీకు లేదు."

ఆ రాత్రి ఆమె కడుపునిండా అన్నం తింది.

అమ్మమ్మ పోయి మూడేళ్ళయింది. నాగమ్మకు రెండోపక్క పండుకుంది. తల్లి మొహం చూసిందా లేదా, నాకు తెలీదు. చూసి ఉండాలని మాత్రం చాలా కోరికగా ఉంది. ఉపదేశి తాత సిలువ ఆయన దగ్గరకు ఎప్పుడో చేరింది, నాగమ్మకు వేరే చిన్నది పెట్టించాం. ఇప్పటికీ సున్నం నేనే కొడతాను, ఒక్క పూతే, అదీ పల్చగా, పేర్లన్నీ ముందే రాసుకుని.

కాబట్టి సున్నం బకెట్ సాక్షిగా, గడ్డకట్టిన రంగు డబ్బా సాక్షిగా నేను చేస్తున్న ప్రమాణం ఇది. పోయినవాళ్ళలో ఎవరినీ ఇకమీదట నేను నరకానికి పంపను. పరలోకానికి పంపవలసి వస్తే మాత్రం ఎనిమిది నిమిషాలు ఆగకుండా ప్రార్థన చేస్తాను. సమాధి తప్పయినా సరే, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు.