పరీక్షల భయానికి నేను చేసిన వైద్యం

నలభై ఒక్కమంది పిల్లలకి ఒకే ఒక్క పీరియడ్‌లో జబ్బు చేయించిన ఘనత నాది. కలరా కూడా అంత వేగంగా పాకదు. పైగా నేను వాళ్ళకి పెట్టిందీ లేదు, పోసిందీ లేదు. మంచి చేద్దామనుకున్నాను, అంతే. ఆ 'అంతే' ఎంత దూరం వెళ్ళిందో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకిప్పుడు కోపం రాదు. అప్పట్లో వచ్చింది కానీ ఎవరి మీద చూపించాలో తెలియక చాలాకాలం నా దగ్గరే ఉండిపోయింది.

డెబ్భైల చివరి మాట. బి.ఇడి. పూర్తిచేసి, మొగల్తూరు దాటాక సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఇరవై మూడేళ్ళ వయసు. రాజమండ్రిలో పెరిగాను కాబట్టి లోకంలో నాకు తెలియనిదేదీ లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆజ్యం పోసినట్టు, చేరిన కొన్నాళ్ళకే నన్ను రాజమండ్రిలో మూడు రోజుల ట్రైనింగుకి పంపారు. పరీక్షలంటే భయపడే పిల్లలకి ధైర్యం ఎలా చెప్పాలన్నది విషయం. తిరిగొచ్చేటప్పుడు నా సంచిలో రెండు సైక్లోస్టైలు కాగితాలున్నాయి. మొదటిదాంట్లో పరీక్ష భయానికి ఇరవై లక్షణాలు, రెండోదాంట్లో నివారణ మార్గాలు.

హెడ్మాస్టరు సోమయాజులు గారికి ఆ కాగితాలు చూపించాను. ఆయన కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి రెండుసార్లు చదివారు.

"అమ్మా సుభద్రా, మన పిల్లలకి పరీక్షలంటే భయమేంటండీ? భయముంటే చదివేవాళ్ళు కదా!"

"అది బయటికి కనపడదండీ. లోపలుంటుంది."

"లోపల దానిమానాన అదుంటే మనం బయటికి లాగడం దేనికమ్మా?"

"లాగితేనే పోతుందండీ!"

ఆయన నన్ను చూశారు, కాగితాన్ని చూశారు, గోడ మీద గడియారాన్ని చూశారు. "సరే, కానివ్వండి" అన్నారు. ఆ గొంతులో ఉన్నది అనుమతి కాదనీ, నీరసమనీ నాకు తర్వాత అర్థమైంది.

శుక్రవారం ఆఖరి పీరియడ్ పదో తరగతిలో అడుగుపెట్టాను. సగం మంది బజారులో దుకాణాలున్న వాళ్ళ పిల్లలు, సగం మంది సముద్రంలో చేపల వేటకి వెళ్ళే కుటుంబాల పిల్లలు. అందరూ హాయిగా ఉన్నారు. ఎంత హాయిగా ఉన్నారంటే, వెనక బెంచీలో ఒకడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"ఒకటి, అరచేతుల్లో చెమట" అని మొదలుపెట్టాను. ఆ నిద్రపోయేవాడు తప్ప అందరూ అరచేతులు తిప్పి చూసుకున్నారు. సముద్రం ఊళ్ళో ఎండాకాలం మొదట్లో అరచేతుల్లో చెమట పట్టక ఏం పడుతుంది?

"రెండు, గుండెదడ." అందరి చేతులూ గుండెల మీదికి వెళ్ళాయి. కొట్టుకుంటోందట! అందరికీ!

నాకు హుషారు వచ్చేసింది. నాలుగోది కడుపులో తిప్పడం, పదకొండోది ఆకలి చచ్చిపోవడం. ఒక్కొక్కదాన్నీ నాటకంలో పాత్రలాగా నటించి చూపించాను. పదిహేనోదానికి వచ్చాను. "ప్రశ్నపత్రం చేతిలోకి రాగానే చదివిందంతా మర్చిపోవడం."

క్లాసు మొత్తం ఊపిరి బిగబట్టింది.

"అలాక్కూడా అవుద్దాండీ?" అని అడిగాడు కిరాణా కొట్టు చలమయ్య గారబ్బాయి విశ్వనాథం.

"ఎందుకవదు? చాలామందికి అవుతుంది!" అన్నాను, ఆ సంగతి నేనే కనిపెట్టినంత గర్వంగా.

ఇరవయ్యోది పూర్తయ్యేసరికి బెల్లు కొట్టారు. నివారణ కాగితం ఇంకా సంచిలోనే ఉంది. "మిగతాది సోమవారం చెబుతాను" అని వచ్చేశాను. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. రెండు రోజులపాటు ఊరు ఊరంతా నా లక్షణాలతో, మందు లేకుండా గడిపింది.

సోమవారం వెళ్ళేసరికి ఆఫీసు గది ముందు తల్లిదండ్రులు. అందరికంటే ముందు చలమయ్య గారు.

"మేష్టారూ, మావాడు పొద్దున్నే ఏడు ఇడ్లీలు తినేవాడండీ. ఇప్పుడు మూడు తిని లేచిపోతున్నాడండీ. ఏరా అంటే, 'నాన్నా, నాకు పదకొండు వచ్చింది' అంటున్నాడండీ."

"పదకొండా?" సోమయాజులు గారు రిజిస్టరు తీశారు. "మీవాడి రోల్ నంబరు ముప్ఫై నాలుగండీ."

"నంబరు కాదండీ, జబ్బండీ. పక్కింటి కుర్రాడికి నాలుగూ పదిహేనూ కూడా వచ్చాయంటండీ. మావాడికి ఇంకా ఎన్ని రావాలండీ?"

"ఎక్కణ్ణించి వస్తున్నాయండీ ఇవి?"

"టీచరమ్మ గారి దగ్గర్నించండీ!"

అందరూ నావైపు తిరిగారు. ఏదో చెప్పబోయాను కానీ నోట్లో తడి ఆరిపోయింది. అది ఎన్నో లక్షణమో కూడా గుర్తురాలేదు.

క్లాసులో పరిస్థితి ఇంకా ఘోరం. పిల్లలు ఒకరి నాడి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. శుక్రవారం నిద్రపోయినవాడు లేచి, "టీచర్ గారండీ, నాకింకా ఒక్కటీ రాలేదండీ. ఏమైనా ప్రమాదమాండీ?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇక ఆలస్యం చేస్తే లాభం లేదని నివారణ కాగితం తీశాను. "కళ్ళు మూసుకోండి. మెల్లగా ఊపిరి పీల్చండి. ఇప్పుడు మీరు ప్రశాంతమైన సముద్రపు ఒడ్డున కూర్చున్నారు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి..."

రెండు నిమిషాలు నిశ్శబ్దం. ఆహా, పనిచేస్తోంది అనుకున్నాను. అంతలో మూడో బెంచీలోంచి వెక్కిళ్ళు. పోలమ్మ. ఎప్పుడూ పెదవి విప్పని పిల్ల.

"ఏంటమ్మా, ఏమైంది?"

"ఒడ్డున కూర్చోమన్నారు కదండీ. మా నాన్న వేటకెళ్ళి ఇంకా రాకపోతేనే మేం ఒడ్డున కూర్చుంటామండీ."

ఆమె వెనకున్న ఇద్దరు ఏడుపు అందుకున్నారు. వాళ్ళ నాన్నలూ వేటలోనే ఉన్నారు. దుకాణాల పిల్లలకి ఏమీ అర్థం కాకపోయినా తోడుగా ఏడ్చారు. నేను రాజమండ్రిలో నేర్చుకున్న శాస్త్రమంతా ఆ ఏడుపులో కొట్టుకుపోయింది.

మర్నాడు పోలమ్మ తల్లి మంగమ్మ వచ్చింది. చేపల గంప వరండాలో దింపి, కొంగుతో మొహం తుడుచుకుంది. తిట్టడానికే వచ్చిందనుకుని కుర్చీ వెనక్కి జరిగాను.

"టీచరమ్మ గారూ, ఒక మాటడుగుతానండి, ఏమనుకోకండి. మా ఆయన వేటకెళ్ళేప్పుడు 'పడవ తిరగబడుద్దేమో, గాలి లేస్తాదేమో' అని చెప్పి పంపుతానాండి? వల సరిగ్గా ఉందా, నీళ్ళ కుండ పెట్టానా అని చూసి పంపుతానండి."

నేను కుర్చీ మళ్ళీ ముందుకి జరుపుకున్నాను.

"మా పిల్లకి చదువంటే భయం లేదండి. ఎప్పుడూ నరసాపురం ఎల్లలేదండి. పరీక్ష అక్కడంట కదా? బస్సెక్కడ దిగాలో, ఆ బడి ఎక్కడుందో, ఎవర్నడగాలో తెల్దండి. తప్పిందంటే వచ్చే ఏటి నుంచి నాతోపాటు గంపెత్తాల్సిందేనండి. అదీ దాని బెంగ. మీరు అడిగుంటే చెప్పేదండి."

అవును, ఇరవై లక్షణాలు చదివాను కానీ ఒక్కరినీ 'నీ బెంగేంటి' అని అడగలేదు. ఆ రోజు నుంచి కాగితాలు పక్కనపెట్టి ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టి అడిగాను. విశ్వనాథానికి లెక్కలంటే భయం లేదు, లెక్కల్లో తప్పితే నాన్న కొట్లో నలుగురి ముందూ అంటారని భయం. చలమయ్య గారిని పిలిచి ఆ మాట చెప్పాను. ఆయన చాలాసేపు కండువా సర్దుకుని, "ఇకనించి ఇంట్లోనే అంటానండీ" అన్నారు. అదీ అభివృద్ధే.

ఆ ఆదివారం నలభై ఒక్కమందినీ బస్సెక్కించి నరసాపురం తీసుకెళ్ళాను. పరీక్ష జరిగే బడి వాచ్‌మన్ గారిని బతిమాలితే గదులు తెరిచారు. పిల్లలు బెంచీల మీద కూర్చున్నారు, లేచారు, మంచినీళ్ళు ఎక్కడున్నాయో చూసుకున్నారు. పోలమ్మ కిటికీ పక్కన కూర్చుని, "ఇంతేనాండీ!" అని నవ్వింది. ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి చూశాను. తర్వాత మూడు వారాలూ నా సైన్సు పీరియడ్లన్నీ ధైర్యానికే కేటాయించాను. ఉత్తుత్తి పరీక్షలు పెట్టాను, హాల్ టికెట్ ఎలా చూపించాలో నేర్పాను, కష్టమైన ప్రశ్న వస్తే కంగారుపడకుండా తర్వాతి ప్రశ్నకి వెళ్ళడం అలవాటు చేశాను. పిల్లలు రాయిలా తయారయ్యారు. సోమయాజులు గారు కూడా, "పర్వాలేదమ్మా, మీ వైద్యం ఫలించింది" అన్నారు.

సైన్సు పరీక్ష రోజు గేటు బయట నిలబడ్డాను. బెల్లు కొట్టగానే పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ, పెళ్ళి భోజనం చేసి వచ్చినట్టు తీరుబడిగా వచ్చారు.

"భయం వేసిందా?" అని ఎదురెళ్ళాను.

"ఆయ్, అస్సలు వేయలేదండీ" అన్నాడు విశ్వనాథం.

"చెయ్యి కూడా వణకలేదండీ" అంది పోలమ్మ. "అయస్కాంతాల మీద పెద్ద ప్రశ్న వచ్చిందండీ. అప్పుడు కూడా కంగారు పడకుండా తర్వాతి ప్రశ్నకి ఎళ్ళిపోయామండీ."

"అందరూనా? ఎందుకమ్మా?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పోలమ్మ చాలా మర్యాదగా, నా మనసు నొచ్చుకోకుండా చెప్పింది.

"అయస్కాంతాల పాఠం మీరు చెప్పలేదండీ."

నేను గేటు పట్టుకుని కూలబడ్డాను. పోలమ్మే పరుగెత్తుకెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, "మెల్లగా ఊపిరి పీల్చండీ" అని ధైర్యం చెప్పింది. ఆ ప్రశ్న పోయినా పిల్ల పాసైంది. మంగమ్మ చందువా చేప తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను శాకాహారినని చెప్పే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

అందుచేత చదువరులారా, ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం రెంటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సిలబస్‌లో ఆఖరి పాఠం ఆఖరి పంక్తి ముగించేదాకా, ఈ జన్మలో నేను ఏ విద్యార్థి మనసు జోలికీ వెళ్ళను.