నోట్లో స్క్రూలు

టైలరమ్మకు ఒక్క సంగతి అంతుపట్టేది కాదు. పంపులు బాగుచేసే మొగుడు పెరటి షెడ్డులో సొంతంగా విమానం కడుతున్నాడు, సరే, కట్టుకోనీ. ఆ స్క్రూలన్నీ నోట్లో పెట్టుకోవడమెందుకు? ఏం అడిగినా "ఊఁ", "ఊహూఁ" తప్ప మాటే ఉండదు.

ఒకనాడు వెళ్లి చూస్తే తెలిసింది. విమానం తోకలోకి నడుం దాకా దూరి, ఒక చేత్తో రేకు అదిమిపట్టి, రెండో చేత్తో స్క్రూడ్రైవరు తిప్పుతున్నాడు. స్క్రూల డబ్బా ఎక్కడో బయట బల్ల మీదుంది.

"ఒక్కటి గొంతుకడ్డం పడిందంటే ముందు ఎగిరేది విమానం కాదు, మీ ప్రాణం!" అని కసిరి, వెంటనే మిషన్ ముందు కూర్చుంది. మిగిలిపోయిన జీన్స్ గుడ్డతో మణికట్టుకు పట్టీ కుట్టింది. దానికి సైజుకో బుల్లి జేబు, స్క్రూలు జారకుండా పైన ఎలాస్టిక్.

దాంతో ఆయన నోరు ఖాళీ అయింది. ఇక రెక్కలు, రేకులు, గాలి అంటూ రోజంతా ఒకటే వాగుడు. ఆవిడ కూడా పక్కన స్టూలేసుకుని, అదెందుకు, ఇదెందుకు అని గుచ్చిగుచ్చి అడిగేది.

సీటు బిగించిన రోజున రెండు దిళ్లు కుట్టి పట్టుకొచ్చింది. ఒకటి సీట్లో వేసింది. రెండోది చంకలో పెట్టుకుని అటు చూసింది, ఇటు చూసింది, వెనక్కి వంగి మరీ చూసింది.

"ఏమండీ, మీ సీటు బాగానే ఉంది. మరి నాదేదీ?"

ఆయన పట్టీలోంచి నాలుగు స్క్రూలు తీసి, మెల్లగా నోట్లో పెట్టుకున్నాడు.