గోళీల అల్మారాకు అద్దం తలుపులు

మా ముందు గదిలో గోడకు ఒక అల్మారా ఉంది. ఇల్లు కట్టినప్పుడే గోడలో చోటు వదిలి, కడప బండలతో అరలు వేశారు. తలుపులు పెట్టలేదు. నా భార్య అందులో హోమియో మందుల సీసాలు పెట్టుకునేది. పుస్తకాలు చదివి నేర్చుకున్న వైద్యం ఆమెది. సుబేదారిలో మా గల్లీవాళ్లు జలుబుకు, పంటి నొప్పికి, పిల్లల నిద్రలేమికి మా ఇంటికే వచ్చేవారు. ఆ తీపి గోళీలు పనిచేస్తాయా లేదా అనే వాదన పెళ్లయినప్పటి నుంచి మా మధ్య నడిచింది. తేలకముందే ఆమె పోయింది.

పదో రోజున బంధువుల పిల్లవాడొకడు ఒక సీసా గోళీలన్నీ చక్కెర బిళ్లల్లా తినేశాడు. మేమంతా హడలిపోయాం. వాడికి ఏమీ కాలేదు. నా వాదనకు అంత మంచి రుజువు ఎప్పుడూ దొరకలేదు. దాన్ని చూపించాల్సిన మనిషే లేదు.

సంవత్సరీకం దగ్గర పడుతుంటే నాకు ఆ పిల్లవాడు గుర్తొచ్చాడు. మళ్లీ ఇల్లంతా జనం వస్తారు. పరకాల నుంచి మా అక్క అందరికంటే ముందే వచ్చి, దుమ్ము దులపడం మొదలుపెడుతుంది. అక్క దులిపిన చోట ఏ వస్తువూ మళ్లీ పాత చోట ఉండదు. సీసాలు మాత్రం నా భార్య పెట్టిన చోటే, పెట్టిన వరసలోనే ఉన్నాయి. ఏ వరసో నాకు తెలియదు. అక్షరక్రమం కాదు, జబ్బుల క్రమం కాదు. ఆమె చేతికి తెలిసిన క్రమం అది. ఇంట్లో ఆమె పెట్టినట్టుగా మిగిలింది అదొక్కటే. దాన్ని చెదరనివ్వకూడదని, అల్మారాకు అద్దం తలుపులు చేయాలనుకున్నాను.

వడ్రంగిని పిలవలేదు. పిలిస్తే అతను మొదటి మాటగా “సీసాలు తియ్యిండ్రి సార్” అంటాడు. ఆ మాట వినడం ఇష్టం లేక, ఆ పని నేనే చేయడానికి సిద్ధపడ్డాను. నేను ఏ పనైనా ముందు చదివి చేసేవాణ్ని. చదవడం అయ్యాక చాలాసార్లు పని చేయవలసిన అవసరం కనిపించదు. ఈసారి మాత్రం సామిల్లుకు వెళ్లి టేకు బద్దలు కోయించుకొచ్చాను. ఒక బద్ద చివర కుసి చెక్కి, రెండో బద్దకు తొలిచిన బెజ్జంలో దూర్చాలి. పుస్తకంలో ఒక వాక్యంలో అయిపోయిన పని. మొదటి చట్రానికి మూడు మూలలు బాగానే కలిశాయి. నాలుగోది మాత్రం తోడికోడళ్లకు మాటలు లేనట్టు ఎడంగా నిలబడింది. దాన్ని విప్పి మళ్లీ చేశాను. ఇల్లంతా రంపపు పొట్టు. నా బనీను, చెవులు, చాయ గ్లాసు, అన్నింట్లో టేకు.

అద్దం కోసం నా భార్య ఫోటోకు చట్రం కట్టించిన దుకాణానికే వెళ్లాను. వేరే దుకాణం నాకు తెలియదు. కొలతలు చూసి దుకాణదారు అనుమానంగా తల ఎత్తాడు.

“ఇంత పెద్ద ఫోటోనా సార్?”

“ఫోటో కాదు. తలుపులకు.”

“అట్లనా! అయితే డిజైన్ ఏపిద్దాం. హంసలున్నయి, మల్లెతీగున్నది. మస్తు నడుస్తానయి.”

“వద్దు. ఉత్త అద్దం చాలు.”

“ఉత్త అద్దమైతే ఏం అందం సార్? నిలవడితే మీ మొకమే మీకు అవుపడ్తది.”

హంసలు అమ్ముడుపోవడానికి అతను ఎంతకైనా తెగిస్తాడని అనుకున్నాను. నాకు అలంకారం పడదు. పత్రికలో పనిచేసిన రోజుల్లో శోకసందేశాల్లో కూడా ‘దివికేగిన’ అన్న మాట కనిపిస్తే కొట్టేసేవాణ్ని. ఉత్త అద్దాలే ఆటోలో ఒళ్లో పెట్టుకుని, ప్రతి గుంత దగ్గరా డ్రైవర్‌ను బతిమాలుకుంటూ తెచ్చుకున్నాను.

తలుపులకు అద్దాలు వేసి, వాటిని బయటి చట్రంలో బిగించి, మొత్తాన్ని అల్మారా ముందు నిలబెట్టి చూశాను. సరిపోయింది. నేను చేసినది దేనికైనా సరిపోవడం ఎంత అరుదంటే, కాసేపు నమ్మలేదు. వెనక సీసాలు ఒక్కటీ కదల్లేదు. ఆ గర్వంలో, అక్కకు పంపిద్దామని ఫోనుతో ఒక ఫోటో తీశాను.

ఆ తర్వాతగాని తెలియలేదు, చట్రం నిలవాలంటే గోడకు రంధ్రాలు వేయాలని. డ్రిల్లు ఇలా తాకించానో లేదో, నున్నటి కడప బండల మీద సీసాలు అంచు వైపు నడవడం మొదలుపెట్టాయి. వడ్రంగి చెప్పకూడదని నేను తప్పించుకున్న మాట ఆ గోడ చెప్పింది. అయినా భయపడలేదు. ఫోటో ఉంది కదా. సీసాలన్నీ తీసి పెద్ద తాంబాళంలో పెట్టాను. రంధ్రాలు వేశాను, చట్రం బిగించాను, అరలు తుడిచాను. ఇక సర్దుదామని ఫోను తెరిచాను.

ఫోటోలో నేనున్నాను. తెల్ల బనీనుతో, ఒక కన్ను మూసుకుని, చాలా తృప్తిగా. నా వెనక కిటికీ ఉంది, కిటికీలో ఎదురింటి వాళ్ల ఆరేసిన దుప్పటి ఉంది. సీసాలు లేవు. అద్దంలో నా ప్రతిబింబం నల్లగా పడ్డ మేరకే వెనక ఉన్నవి కనిపించాయి. నా ఫోను వీపులో నాలుగైదు సీసాలు, నా జుట్టులో ఒకటో రెండో. ఆమె పోయాక జుట్టుకు రంగు వేయడం మానేశాను. రంగు వేసుకుని ఉంటే ఇంకో మూడు సీసాలైనా దక్కేవి.

అక్క వచ్చేసరికి తాంబాళం ముందు పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాను. సీసాల చీటీల మీద మందుల పేర్లున్నాయి. ఎక్కడ ఉండాలో ఏ చీటీ మీదా లేదు.

“ఏందిరా తమ్మీ, బొడ్డెమ్మ ముందల కూసున్నట్టు కూసున్నవ్?” అంది అక్క, సంచీ కూడా దించకుండా.

చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వింది కూడా, ఫోటో చూసి. “మంచిగున్నవ్ లే. పెండ్లిసూపులకు పంపొచ్చు” అంది. తర్వాత నా ముఖం చూసి ఆగింది.

“నేనొచ్చి కరాబు జేస్త అనుకున్నవ్ గదా? నువ్వే ముందు జేసినవ్.”

“అవును అక్కా.”

“సరే గానీ, ఏడిస్తే వస్తయా? నీకు యాది లేకుంటే, మందు తిన్నోళ్లకు యాదుంటది. ఉండు.”

గుమ్మంలో నిలబడి ఎదురింటామెను కేకేసింది. నా భార్యను వదినె అని పిలిచే మనిషి ఆమె. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, అల్మారా ముందు నిలబడి, కళ్లు మూసుకుంది.

“దగ్గుకిచ్చేది మీది అర్రల, కిటికీ దిక్కు. వదినె ఇటు సూడకనే మాట్లాడుకుంట, చెయ్యి ఇట్ల పెట్టేది” అని చెయ్యి చాపి చూపించింది.

ఆ చెయ్యి ఎత్తు నాకు తెలుసు. తాంబాళంలో ఆమె గుర్తుపట్టిన సీసాను అందించాను.

ఆమె వెళ్లి ఇంకొకరిని పంపింది. పక్కింటి మోకాళ్ల నొప్పులామె వచ్చింది, మూలమలుపు కిరాణా షాపతను వచ్చాడు. ఎవరి జబ్బు చోటు వాళ్లకే తెలుసు, పక్క సీసా సంగతి తెలియదు. కింది అరలో ఒక చోటు కోసం ఇద్దరికి తగాదా కూడా అయింది.

“గదే నా తలనొప్పి జాగ.”

“నీకు తలనొప్పి నిరుడొచ్చింది. నా కడుపునొప్పి ఎన్నేండ్లదో తెలుసునా?”

అక్క తీర్పు చెప్పింది, పాత జబ్బుకే హక్కని. కిరాణా అతను తన సీసా చోటు చూపించే ముందు ఆడవాళ్లు వెళ్లేదాకా ఆగాడు. ఏ జబ్బో నేను అడగలేదు.

సాయంత్రానికి అరలు దాదాపు నిండాయి. ఎవరూ గుర్తుపట్టనివి కొన్ని ఖాళీల్లో సర్దాం. అవి తప్పే అయి ఉంటాయి. మళ్లీ వచ్చి చూసిన ఎదురింటామె మాత్రం “అచ్చం గట్లనే ఉన్నది” అంది. అక్క కింది చట్రానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. ఇంకా పాలిష్ పెట్టని టేకు అది. పసుపు చెక్కలోకి ఇంకిపోయింది. అలంకారం వద్దన్నవాడి తలుపు కనుక దానికి అలాగే కావాలి.

“మరి నీది ఏదిరా?” అంది అక్క.

నాకు కడుపులో మంటకు నా భార్య రోజూ గోళీలు ఇచ్చేది. నేను పుస్తకం మీంచి కళ్లు తీయకుండా చెయ్యి చాపేవాణ్ని. అరచేతిలో గోళీలు పడేవి. సీసాను నేనెప్పుడూ చూడలేదు. తాంబాళం ఖాళీ అయింది. నాది అందులో లేదు.

“అన్న సీసా ఈడ ఉండకపోతుండె” అంది ఎదురింటామె. “రోజు ఇయ్యాలె గదా, వంటింట్లనే పెట్టుకునేది. చాయపత్తి డబ్బా పక్కకు.”

వంటింట్లోకి వెళ్లాను. అక్కడే ఉంది. ఏడాదిగా రోజూ చాయపత్తి కోసం చెయ్యి పెట్టి నేను పక్కకు జరుపుతున్నది అదే. ఉప్పో సోడానో అనుకున్నాను. జరిపి, డబ్బా తీసి, మళ్లీ దాన్ని అక్కడికే లాగేవాణ్ని. ఎందుకు లాగేవాణ్నో తెలియదు. అది అక్కడే ఉండేది కనుక.

“తే, లోపల పెట్టి తలుపు ఏద్దాం” అంది అక్క ముందు గదిలోంచి.

“అది ఇక్కడిదే అక్కా” అన్నాను.

అద్దం తలుపులు మూస్తున్న చప్పుడు వినిపించింది. ఒకటి సాఫీగా పడింది. రెండోది కొంచెం ఎత్తి నెట్టాలి. ఆ సంగతి ఆమెకు చెప్పడం మరిచిపోయాను. “ఇది పడ్తలేదు తమ్మీ” అని అరుస్తోంది. నేను సీసాను జరిపి, చాయపత్తి తీసి, అందరికీ చాయ పెట్టాను. తర్వాత దాన్ని దాని చోటికి లాగి, తలుపు ఎలా మూయాలో చూపించడానికి వెళ్లాను.