మేకుకు తగిలించిన బిళ్ల

బెల్లంపల్లి ఆసుపత్రిలో గని కార్మికులకు కసరత్తు చేయించడం నా ఉద్యోగం. బొగ్గు దుమ్ముకు ఆయాసం పట్టిన మల్లయ్య మాత్రం మంచం దిగనని మొండికేశాడు. రోజూ నడిస్తేనే ఊపిరి కుదుటపడుతుందని ఎంత చెప్పినా వినలేదు.

"కసరత్తు తాలీంఖానల పహిల్వాన్లకు సిస్టరమ్మా, నాకెందుకు?" అనేవాడు.

గనిలోకి దిగేముందు ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవడం, పైకొచ్చాక బిళ్ల వెనక్కి తీసుకోవడం వీళ్ల పద్ధతి. అందుకే పోయిన వారం వార్డు చివర గోడకు మేకు కొట్టి, అతని బిళ్లను దానికి తగిలించాను.

"బిళ్ల ఆడుంటే నేనింక గనిలనే ఉన్నట్టు గద!" అని ఉలిక్కిపడ్డాడు.

"అయితే నడిచొచ్చి తీసుకో" అన్నాను.

మొదటి రోజు నాలుగడుగులకే కూలబడ్డాడు. ప్రతిరోజూ ఇంకొంచెం నడిచాడు. ఈ రోజు పొద్దున ఎక్కడా ఆగకుండా వెళ్లి బిళ్ల అందుకుని, వార్డంతా వినేలా అరిచాడు.

"నేను పైకొచ్చిన!"

సాయంత్రానికల్లా షుగరు జబ్బు రాజలింగు, నడుం దెబ్బతిన్న పోశం "మావి గూడ తగిలియ్యి" అంటూ బిళ్లలు చాపారు. గోడ పాడవుతోందని పెద్ద నర్సమ్మ గొణిగింది.

మీరే చెప్పండి, రేపు రెండు మేకులు కొట్టనా, వార్డుకు సరిపడా కొట్టనా?