మా డాబా మీద నుంచి వెళ్ళిన నీడ

మా కోడలికి ఆకాశం పిచ్చి. పెళ్ళిచూపుల నాడే అడిగింది, "మీ బిల్డింగుకు డాబా ఉన్నదా అత్తమ్మా?" అని. బట్టలు ఆరేసుకోవడానికి కాబోలు, ఎంత పనిమంతురాలో అని మురిసిపోయాను. కాపురానికి వచ్చాక తెలిసింది, డాబా ఆమె టెలిస్కోపుకని. బట్టలు ఇప్పటికీ నేనే ఆరేస్తాను.

మాది అమీర్‌పేటలో ఒక సందు లోపలి అపార్ట్‌మెంటు. కోస్తా నుంచి ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళం. నేను మాసబ్ ట్యాంక్‌లో ఒక సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. కోడలిది సిద్దిపేట వైపు. మా డాబా నుంచి ఆకాశం చూడాలంటే ముందు నీళ్ళ ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, పక్క హాస్టల్ అమ్మాయిల దుప్పట్లు, మెట్రో స్టేషన్ దీపాలు, ఇవన్నీ దాటాలి. అవన్నీ దాటి ఈ పిల్ల రోజూ ఏం చూస్తుందో నాకు అంతుబట్టేది కాదు.

ఆ చలికాలంలో ఒకరోజు అన్నాల దగ్గర కబురు చెప్పింది.

"అత్తమ్మా, వచ్చే శుక్రవారం సాయంత్రం మన ఇంటి మీదికెల్లి ఒక గ్రహశకలం నీడ పోతది!"

"గ్రహశకలం అంటే ఏంటమ్మా?"

"గ్రహాలు తయారైనప్పుడు మిగిలిన రాళ్ళు. ఇల్లు కట్టినంక మిగిలిన ఇటుకలు ఓ పక్కకు పడేస్తరు కదా, గట్ల. అంగారకుడికీ గురుడికీ నడుమ మస్తుగ ఉంటయి. గిది మన హైదరాబాద్ అంత ఉంటదంట."

గురుడంటే నాకు పంచాంగంలో ఉండే గురుడే. ఆయనకీ అంగారకుడికీ మధ్య మా ఊరంత రాళ్ళు తిరుగుతున్నాయని ఆ పూటే విన్నాను. ఆ రాయి సరిగ్గా ఒక నక్షత్రానికి అడ్డంగా వస్తుందట. కొన్ని క్షణాల పాటు ఆ నక్షత్రం వెలుగు భూమి మీద ఒక పట్టీలా ఉన్న చోట పడదట. ఆ పట్టీలో మనుషులు అక్కడక్కడా నిలబడి, చుక్క ఎప్పుడు మాయమైంది, ఎప్పుడు మళ్ళీ కనిపించింది అని చెబితే చాలు, ఆ రాయి వెడల్పూ రూపూ గీసెయ్యవచ్చట. కోడలి బృందంలో ఒకాయన మేడ్చల్ వైపు, ఇంకొకాయన శంషాబాద్ దాటాక, నడుమ మా డాబా. రేపెప్పుడో అటు అంతరిక్ష నౌకను పంపాలన్నా ఈ కొలతలే పనికొస్తాయంది. అంత దూరాన ఉన్న రాయిని డాబాల మీద నిలబడి కొలవడమేమిటి!

కానీ నాకు అప్పుడు ఇవేవీ ఎక్కలేదు. ఒక్క మాటే చెవిలో ఉండిపోయింది. నీడ. మన ఇంటి మీద. కోడలికి అప్పుడు అయిదో నెల.

"వెలుగుకు అడ్డొచ్చి నీడ పడితే దాన్ని గ్రహణం అంటారు. గ్రహణప్పుడు కడుపుతో ఉన్నదానివి డాబా ఎక్కుతావా?"

"ఒక్క చుక్క అత్తమ్మా! దాని నీడ కంటికి సుత కనపడది."

"కనపడకపోతే మరీ భయం," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

నేను చదువుకోనిదాన్ని కాను. గ్రహణం ఎందుకు పడుతుందో బళ్ళోనే చదివాను. కానీ కిందటిసారి కడుపు నిలవలేదు. సోమాజిగూడ ఆసుపత్రి నుంచి ఆ పిల్లను ఆటోలో తీసుకొచ్చినప్పుడు దారంతా నా భుజం మీదే తల పెట్టుకుని కూర్చుంది. ఈసారి ఆ బిడ్డకి ఏ వంకనా ఏమీ కాకూడదు, అంతే. దాని కోసం నన్ను మూర్ఖురాలన్నా సరే, గయ్యాళి అన్నా సరే.

కోడలు ఎదురు చెప్పలేదు. చెప్పినా బాగుండేది, నాలుగు మాటలు అనుకుని తేలిపోయేవాళ్ళం. కంచంలో అన్నం కెలుకుతూ, "సరే అత్తమ్మా, మన డాబా లైన్ ఖాళీ అని రేపు గ్రూపుల పెడత," అంది. మా అబ్బాయి ఆ వారమంతా ఆఫీసు పని మీద బెంగళూరులో ఉన్నాడు. మేం లేకపోతే ఆ రాయి బొమ్మకి నడుమ భాగం ఉండదన్నమాట. ఆ మొహం చూడలేకపోయాను. పొద్దున్నే కాఫీ ఇస్తూ చెప్పాను.

"గ్రూపుకి ఏమీ పెట్టకు. డాబా నేనెక్కుతాను."

ఆ పిల్ల కాఫీ గ్లాసు పక్కన పెట్టి నన్ను గట్టిగా వాటేసుకుంది. మా ఇళ్ళల్లో ఈ వాటేసుకోవడాలు అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాను.

ఆ రోజు నుంచి సాయంత్రాలు నాకు శిక్షణ. ఒక కన్ను మూసి, రెండో కన్ను అద్దానికి ఆనించి, ఊపిరి మెల్లగా తీస్తూ ఒకే చుక్కను చూడాలి. గొట్టం కింద మోటారు ఉంది, చుక్కతో పాటు అదే తిరుగుతుంది. పక్కన ఫోన్ టిక్కు టిక్కుమంటూ సమయం చెబుతూ నా గొంతు రికార్డు చేస్తుంది. చుక్క మాయం కాగానే "పోయింది" అనాలి, మళ్ళీ కనిపించగానే "వచ్చింది" అనాలి.

అక్కడ నాకు కోపం వచ్చింది. శుక్రవారం, సంజవేళ, కడుపుతో ఉన్న పిల్లను ఇంట్లో పెట్టుకుని, డాబా ఎక్కి "పోయింది" అని కేక పెట్టాలా? దీపం ఆరితే కొండెక్కింది అంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. అలాంటి ఇంట్లో ఆ మాటేమిటి?

"మీ నోటికి ఏదొస్తే గదే అనుండ్రి," అంది కోడలు నవ్వాపుకుంటూ. "జర లేట్ గాకుండ అనుండ్రి, గంతే."

శుక్రవారం చీకటి పడుతూండగానే తనే టెలిస్కోపు అమర్చి, చుక్కను నడుమకి తెచ్చింది. నీడకి ఇంకా టైముంది కాబట్టి ఒప్పుకున్నాను. తర్వాత చెయ్యి పట్టుకుని కిందికి దించి, గదిలో కిటికీ తెరలు వేసి, మంచం మీద తిన్నగా పడుకోమన్నాను. ఆవకాయ జాడీ మీద, పెరుగు గిన్నె మీద దర్భలు వేశాను. ఆ పిల్ల అన్నిటికీ బుద్ధిగా తలూపింది. నేను తన పని చేస్తున్నాను కదా, తను నా మాట వింటోంది.

డాబా మీద ఒక్కదాన్నే. పక్క హాస్టల్ మేడ మీద ఒకమ్మాయి ఫోన్లో ఎవరితోనో పకపకా నవ్వుతోంది. కింద సందులో మిర్చి బజ్జీల వాసన. పంజాగుట్ట వైపు నుంచి హారన్లు. నేను కన్ను అద్దానికి ఆనించాను. నల్లటి గుండ్రంలో నా చుక్క. చిన్నది, ముక్కుపుడక రాయంత. ఈ వెలుగు మనం పుట్టకముందే బయలుదేరిందట. అంత దూరం ఏ అడ్డూ లేకుండా వచ్చి అమీర్‌పేటలో నా కంట్లో పడుతోంది. ఆ ఊహకే ఒళ్ళు జలదరించింది.

ఆరిపోయింది.

మబ్బు పట్టినట్టు కాదు, మెల్లగా కాదు. స్విచ్ కట్టేసినట్టు.

"కొండెక్కింది!" అని అరిచాను. ఏమాత్రం ఆలస్యం కాలేదు, అలవాటైన మాట కదా.

ఆ తర్వాత చీకటి. ఇంత వయసు వచ్చింది, ఎన్నో చుక్కలు చూశాను గానీ, ఉన్నచోట ఉన్నట్టే ఒక చుక్క లేకుండా పోవడం ఎన్నడూ చూడలేదు. మా ఊరంత రాయి, ఎవరూ మొహం చూడని రాయి, నాకూ ఆ చుక్కకూ మధ్య వచ్చి నిలబడింది. దాని నీడ నా మీద ఉంది. ఫోన్లో నవ్వే అమ్మాయి మీద, బజ్జీల బండి మీద, మెట్రోలో నిలబడి ఇళ్ళకు పోయేవాళ్ళ మీద, కింద మంచం మీద పడుకున్న నా కోడలి మీద కూడా ఉంది. ఒక్క హారనూ ఆగలేదు. ఎవరికీ తెలియదు. నాకొక్కదానికే తెలుసు. ఆ కొన్ని క్షణాలూ ఎంత పొడుగో చెప్పలేను. ఇక రాదేమో అనిపించింది.

అంతలో అదే చోట, అదే చుక్క.

"వచ్చింది! వచ్చిందే అమ్మాయ్, వచ్చింది!"

హాస్టల్ అమ్మాయి నవ్వు ఆపి నావైపు చూసింది. నేను నీళ్ళ ట్యాంకు పక్కన కూలబడ్డాను.

కిందికి వెళ్ళి గ్రహణ స్నానం చేసి వచ్చేసరికి కోడలు నా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఏమైందని అడిగితే, "ఏం లేదు, టైమింగ్ మస్తుగొచ్చింది," అంది. నేను నమ్మాను.

తర్వాత గ్రూపులో ఆ రాయి బొమ్మ వచ్చింది. ఎవరికి చుక్క ఎంతసేపు మాయమైతే వాళ్ళ గీత అంత పొడుగట. మేడ్చల్ ఆయన గీత పొట్టిది. శంషాబాద్ ఆయనకు చుక్క అసలు మాయమే కాలేదట, అయినా రాయి అంచు అక్కడిదాకా లేదని తెలియడం కూడా లెక్కేనట. నడుమ పొడుగు గీత నాది. ఒక పక్క కాస్త నొక్కుకుపోయిన బంగాళాదుంపలా ఉంది ఆ రాయి. ఆ బొమ్మ ఎన్నిసార్లు చూసుకున్నానో.

వేసవిలో మనవరాలు పుట్టింది. ఉయ్యాలలో వేసిన రోజు, చుట్టాలందరూ వెళ్ళాక, పాపను నా ఒళ్ళో పెట్టి కోడలు ఫోన్ తీసింది.

"గ్రూపుకు పంపేటప్పుడు కట్ చెయ్యలే అత్తమ్మా. మీకు జెప్పలే, సిగ్గుపడతరని."

టిక్కు టిక్కు. "కొండెక్కింది!" అని నా కేక. ఆ తర్వాత ఏమీ ఉండదనుకున్నాను. నోరు మెదపలేదనే నాకు గుర్తు. కానీ ఆ టిక్కుల మధ్య నా గొంతే, గుసగుసగా, బతిమాలుతూ, "రా తల్లీ... రామ్మా... భయం లేదు, నేనున్నాను... రా తల్లీ..."

"గట్ల ఎవర్ని పిలిచిండ్రు అత్తమ్మా? చుక్కనా?"

ఒళ్ళో పాప నా వేలు పట్టుకుని ఉంది. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి ఆ చెయ్యి తీయాలి, తీయబుద్ధి కాలేదు.

"ఎవర్నయితేనేం," అన్నాను. "వచ్చింది కదా."